శాలిబండలో సముద్రపు నీరు
ఇంటి చేపల తొట్టికి సహజ సముద్రజలమును వాడు విధానము

సముద్రపు నీటిలో ఉప్పు ఉండునని అందరికి తెలిసినదే. కాని ఉప్పు కలిపిన నీరెల్ల సముద్రపు నీరు కాజాలదు. ఈ చిన్న భేదమును గుర్తింపక గాజుతొట్టిలో సముద్రపు చేపలను పెంచబూనినచో, వారము తిరుగక మునుపే అవి చనిపోవును. చేపకు వెచ్చించిన సొమ్ము పోవుటయే గాక, ఒక జీవము ఊరక నశించును.

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు దక్షిణముగా ఫలక్‌నుమా వైపు పోవు దారిలో శాలిబండ ఉన్నది. ఇది సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న స్థలము. బాపట్ల తీరము ఇచ్చటికి 300 కిలోమీటర్లకు పైబడిన దూరము. విశాఖపట్టణము 600 కిలోమీటర్లకు పైమాట. ఇట్టి చోట సముద్రపు చేపను బ్రతికించుట సాధ్యమేనా? సాధ్యమే. అయితే విత్తనమును ఎంచుకొన్నట్లు నీటిని ఎంచుకొనవలెను. నేలకు విశ్రాంతి ఇచ్చినట్లు నీటికి విశ్రాంతి ఇయ్యవలెను. తీరప్రాంతపు రైతులు పట్టణములోని బంధువులకు నాలుగు క్యానుల నీరు పంపవలసి వచ్చినపుడు కూడ ఈ సంగతులు ఉపయోగపడగలవు.

ఉప్పు నీరు వేరు, సముద్రపు నీరు వేరు

మహాసముద్రపు నీరు ఒక కిలో తీసుకొన్నచో అందులో సగటున 35 గ్రాముల లవణములు ఉండును. వీనిలో క్లోరైడు సుమారు 19 గ్రాములు, సోడియము 11 గ్రాములకు కొంచెము తక్కువ. ఈ రెండును కలిసినదే మనము తిను ఉప్పు. మిగిలిన దానిలో సల్ఫేటు సుమారు 2.7 గ్రాములు, మెగ్నీషియము 1.3 గ్రాములు, కాల్షియము 0.4 గ్రాము, పొటాషియము 0.4 గ్రాము ఉండును. ఇవి గాక అతిస్వల్ప పరిమాణములలో మరి ఎన్నియో మూలకములు కలవు.

1872 నుండి 1876 వరకు ప్రపంచ సముద్రములను చుట్టివచ్చిన ఛాలెంజరు అను ఓడ తెచ్చిన 77 నీటి నమూనాలను డిట్‌మార్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1884లో ఒక ముఖ్య విషయమును ప్రకటించెను. నీటిలో ఉప్పు హెచ్చినను తగ్గినను, అందలి ప్రధాన లవణముల పరస్పర నిష్పత్తి దాదాపు మారదు. సముద్రపు చేపల శరీరము ఈ నిష్పత్తికే అలవాటు పడియున్నది.

మరి అంగడి ఉప్పును నీటిలో కరిగించిన చాలదా? చాలదు. చినగంజాములోగాని నౌపడలోగాని ఉప్పు మడులు చూచినవారికి కారణము సులభముగా బోధపడును. మడిలో నీరు చిక్కబడుకొలది ముందు సున్నపు పదార్థము, పిదప జిప్సము అడుగున దిగును. తరువాత ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియము, పొటాషియము గల చేదునీరు పైన మిగులును. దానిని బయటికి తీసివేయుదురు. అనగా ఉప్పు తయారగుటయే తక్కిన లవణములను వేరుచేయుటవలన. చేపకు కావలసిన సరకులో అధికభాగము మడిలోనే మిగిలిపోవును.

మడులలోని చిక్కని ఉప్పునీటిని తెచ్చి మంచినీటితో పలుచన చేసినచో బరువు కలిసివచ్చును గదా యని కొందరు అడుగవచ్చును. మంచినీటి రొయ్య పిల్లలను పుట్టించు కేంద్రములలో ఈ పద్ధతి కలదు. ఆ పిల్లలకు లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పుదనము చాలును గనుక అది చెల్లును. సముద్రపు చేపలకు మాత్రము ఇది తగదు. నీరు చిక్కబడినపుడే సున్నపు పదార్థము కొంత విడిపోయి ఉండును.

ఏ తీరమున, ఏ నెలలో?

బంగాళాఖాతము నదుల సముద్రము. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తమ వరదనీటిని ఇందులోనే కలుపును. వర్షకాలము ముగియు వేళకు ఈ తియ్యని నీరు తీరము వెంబడి దక్షిణమునకు సాగివచ్చును. అందువలన అక్టోబరు, నవంబరు నెలలలో మన తీరపు పైనీటిలో లీటరుకు 25 గ్రాముల ఉప్పుదనము మాత్రమే ఉండవచ్చును. కొన్ని ఏండ్లు అంతకన్నను తగ్గును. మార్చి నుండి మే వరకు అదే నీరు 33, 34 గ్రాములకు చేరును. ఆ నెలలలో విశాఖ తీరమున అడుగునీరు పైకి ఉబికి వచ్చునని, అది చల్లగను ఎక్కువ ఉప్పగను ఉండునని 1950 దశకములో లాఫాండ్ అను శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయము వారితో కలిసి జరిపిన పరిశోధనలలో తేలినది. కాబట్టి నీటి సేకరణకు తగిన కాలము మార్చి మొదలు మే నెలాఖరు వరకు.

ఋతువు ఎట్లు ముఖ్యమో చోటు అట్లే ముఖ్యము. ఈ క్రింది చోట్ల నీరు తీయరాదు.

నది మొగల వద్ద, మురుగు కాలువలు కలియుచోట: కృష్ణా డెల్టా చేలలో చల్లిన పురుగుమందుల శేషములు మురుగు కాలువల ద్వారా సముద్రమును చేరవచ్చును. పురుగును చంపు మందు రొయ్యను, పీతను కూడ చంపును.

ఓడరేవుల వద్ద, చేపల పడవలు ఆగుచోట: ఇచ్చట నూనె, రంగు, రాగి శేషములు నీటిలో కలియును.

రొయ్యల చెరువుల నీరు వదలు కాలువల సమీపమున: ఆ నీటిలో రోగక్రిములు ఉండవచ్చును.

బురదనేల గల తీరమున: మచిలీపట్టణము వద్ద మంగినపూడి తీరము స్నానమునకు సురక్షితమని పేరుపొందినను, అచ్చటి నేల నల్లని బంకమన్ను, నీరు లోతు తక్కువ. అలకు మన్ను కదలి నీరు కలకబారును.

బాపట్ల సమీపమున సూర్యలంక వంటి ఇసుక తీరము, విశాఖకు ఉత్తరమున ఋషికొండ వంటి తెరపి తీరము ఇందుకు మేలు. పోటు వచ్చునపుడు నీరు తీయవలెను. అప్పుడు లోపలి సముద్రపు నీరు ఒడ్డుకు వచ్చుచుండును. వర్షము కురిసిన పిమ్మట కనీసము వారము దినములు ఆగవలెను. అలలు విరుగుచోటికి దిగి ప్రాణము మీదికి తెచ్చుకొనరాదు. వీలైనచో తెల్లవారుజామున వేటకు పోవు పడవవారిచేత లోపలినుండి తెప్పించుకొనుట అన్ని విధముల మంచిది.

పాత్రలు, పరిమాణము

మన ఇండ్లలో రాగిబిందెలో నీరు నిలువచేయుట మంచి అలవాటని తలతురు. ఇచ్చట మాత్రము రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. ఉప్పునీరు రాగిని కరిగించును; ఆ రాగి అతిస్వల్పమైనను రొయ్య, నత్త, పగడపు జాతులకు విషము. ఇనుప డబ్బాలు త్రుప్పుపట్టును. తాగునీటికి వాడు 20 లీటర్ల ప్లాస్టిక్ క్యానులు శ్రేష్ఠము. పురుగుమందు వచ్చిన డబ్బాను ఎన్ని మార్లు కడిగినను ఈ పనికిగాని మరి ఏ నీటి నిలువకుగాని వాడరాదు. సబ్బు, సర్ఫు కూడ వాడక, తీరమున సముద్రపు నీటితోనే క్యానును రెండుమూడు మార్లు తొలిచి పిదప నింపవలెను.

ఎంత నీరు కావలెనో ముందుగా లెక్క చూచుకొనవలెను. మూడు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు గల తొట్టి అంచువరకు సుమారు 190 లీటర్లు పట్టును. పైన రెండంగుళములు విడిచినచో 170 లీటర్లు. అనగా తొమ్మిది క్యానులు. పక్షమునకు ఒక మారు పదవవంతు నీరు మార్చుటకు ఒక క్యాను చాలును.

మార్చి నెలలో ఒక మారు, మే నెలాఖరున ఒక మారు నీరు తెచ్చుకొనుట అనుకూలము. మార్చిలో తెచ్చిన నీటితో తొట్టి నింపి, మే వరకు మార్పిడికి మరి ఐదారు క్యానులు ఉంచుకొనవలెను. మే నెలాఖరున 20 క్యానులు, అనగా 400 లీటర్లు తెచ్చినచో పక్షమునకు ఒకటి చొప్పున 40 వారములు గడచును. మరల మార్చి వచ్చును. ఈ విధముగా వరదకాలపు పలుచని నీటితో పనియే ఉండదు.

ఒక క్యాను నీరు ఇరువది కిలోలకు పైగా తూగును. 20 క్యానులు 410 కిలోలు. 200 లీటర్ల పీపాను నింపి ఎత్తుట ఎవరి తరము కాదు. క్యానులలోనే తెచ్చి ఇంటివద్ద పీపాలలో పోసుకొనవలెను. పాతబస్తీలో సన్నని గల్లీలు, పాత మిద్దెలు ఎక్కువ. నీరు, ఇసుక, రాళ్ళు, గాజు కలిసి తొట్టి 250 కిలోల వరకు ఉండును గనుక దానిని క్రింది అంతస్తులో గట్టి నేలపై పెట్టుట క్షేమము.

నీటికి విశ్రాంతి

సముద్రపు నీరు నిర్జీవము కాదు. కంటికి కనబడని మొక్కలు, జంతువులు ప్రతి చుక్కలోను ఉండును. బిగించిన క్యానులో, వేసవి ఎండలో, ఏడెనిమిది గంటల ప్రయాణములో ఇవి చాలవరకు చచ్చి కుళ్ళుట ఆరంభించును. అప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరుగును, అమ్మోనియా పుట్టును. అందుచేత తెచ్చిన నీటిని వెంటనే తొట్టిలో పోయరాదు.

ముందుగా దట్టమైన తెల్లని గుడ్డను నాలుగు మడతలు వేసి నీరు వడకట్టవలెను. పిదప పీపాలో పోసి, వెలుతురు సోకనిచోట రెండు మూడు వారములు నిలువ ఉంచవలెను. మూత వదులుగా ఉండవలెను. చీకటిలో సూక్ష్మజీవులు నశించి మడ్డి అడుగునకు చేరును. అడుగున రెండంగుళముల నీరు విడిచి పైది మాత్రమే గొట్టముతో తీసుకొని, గాలిపంపుతో ఒక దినము గాలి పట్టించి వాడవలెను. కుళ్ళిన గ్రుడ్డు వాసన వచ్చు నీటిని పారవేయుటయే మంచిది.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు మొట్టమొదటి చేపల ప్రదర్శనశాల వెలసినది. 1871లో ఆ నగరమునకే చెందిన క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనశాలను లాయిడ్ అను నిపుణుడు నిర్మించినపుడు నేలక్రింద పెద్ద చీకటి తొట్లు కట్టించి, అందులో నిలిచి తేరిన సముద్రపు నీటినే మరల మరల త్రిప్పి వాడెను. మదరాసులో 1909లోను, బొంబాయిలో 1951లోను తెరచిన ప్రదర్శనశాలలు సముద్రపు ఒడ్డుననే ఉండుటచేత నీటికి కొరత లేకుండెను. మన శాలిబండ సంగతి మాత్రము లండను సంగతి వంటిది. తెచ్చిన నీటిని తేర్చి పొదుపుగా వాడుకొనవలెను.

బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి

రోగభయము ఉన్నపుడు రొయ్యపిల్లల కేంద్రములవారు చేయునట్లు క్లోరినుతో శుద్ధి చేయవచ్చును. 100 లీటర్ల నీటికి తాజా బ్లీచింగ్ పౌడరు 3 గ్రాములు చాలును; దీనివలన లీటరుకు సుమారు 10 మిల్లిగ్రాముల క్లోరిను చేకూరును. పౌడరును మగ్గు నీటిలో కలిపి, తేరిన తేటను మాత్రమే పీపాలో పోయవలెను. ఒక దినము ఉంచి, తరువాత ఒకటి రెండు దినములు గాలిపంపు నడిపినచో క్లోరిను చాలవరకు పోవును.

పోయినదా లేదా అనునది ఊహించరాదు. గ్రామములలో తాగునీటి ట్యాంకులను పరీక్షించు క్లోరోస్కోపు ఇచ్చట కూడ పనికివచ్చును. పసుపురంగు కనబడినచో క్లోరిను మిగిలియున్నట్లు. అప్పుడు హైపో అను సోడియం థయోసల్ఫేటు 100 లీటర్లకు 1 గ్రాము చొప్పున వేసి, కలిపి, మరల పరీక్షించవలెను. పసుపురంగు బొత్తిగా రాని నీటినే చేపకు వాడవలెను.

తొట్టిలో పోసిన పిమ్మట

ఎంత మంచి నీరైనను క్రొత్త తొట్టిలో మొదటి దినమే చేపలను వదలరాదు. పశువుల ఎరువు నేలలో ఎట్లు మార్పు చెందునో రైతులకు తెలియును: అందలి నత్రజని ముందు అమ్మోనియాగా, పిదప నైట్రైటుగా, తుదకు నైట్రేటుగా మారును. ఈ పని చేయునవి సూక్ష్మక్రిములు. తొట్టిలోను ఇదే జరుగవలెను. చేప విసర్జించు అమ్మోనియాను నైట్రేటుగా మార్చు క్రిములు ఇసుకపైన, రాళ్ళపైన, వడపోత సాధనములోను పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. సముద్రపు నీటి క్షారగుణము, అనగా పిహెచ్, 8.0 నుండి 8.3 వరకు ఉండుటచేత అమ్మోనియా మంచినీటిలోకన్న ఇచ్చట ఎక్కువ విషమగును. రొయ్యల రైతులు వాడు అమ్మోనియా, నైట్రైటు పరీక్షా సామగ్రితో రెండును శూన్యమని తేలిన పిదపనే ఒకటి రెండు చేపలను వదలవలెను. 170 లీటర్ల తొట్టికి రెండంగుళముల చేపలు నాలుగైదు మించరాదు.

హైదరాబాదు వేసవిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటకుండ చూడవలెను. వెచ్చని ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగును. నీటి ఉపరితలమునకు చిన్న ఫ్యాను గాలి తగులునట్లు చేసినచో రెండు మూడు డిగ్రీలు తగ్గును. కరెంటు పోయినపుడు పనిచేయుటకు బ్యాటరీ గాలిపంపు దగ్గర ఉంచుకొనవలెను.

ఆవిరైనది మంచినీరు, మిగిలినది ఉప్పు

అన్నిటికన్న ఎక్కువగా మరచు విషయము ఇది. తొట్టిలో నీరు తగ్గినదని సముద్రపు నీరే పోసినచో ఉప్పు దినదినము పెరుగును. ఆవిరైపోవునది మంచినీరు మాత్రమే. మురుగు పోవు వీలులేని పొలమునకు నీరు పెట్టగా పెట్టగా భూమి చౌడుబారుట ఇట్టిదే. కనుక ఆవిరైన మేర మంచినీరే పోయవలెను. పక్షమునకు ఒక మారు కొంత నీరు తీసివేసి మార్చునపుడు మాత్రమే సముద్రపు నీరు పోయవలెను. గాజుపై నీటిమట్టమునకు ఒక గీత పెట్టుకొని ప్రతిదినము ఆ గీతవరకు నింపిన చాలును.

పోయు మంచినీరు కూడ సామాన్యమైనదిగా ఎంచరాదు. బోరునీటిలో కాఠిన్యము, నైట్రేటు హెచ్చుగా ఉండవచ్చును. కుళాయి నీటిలో క్లోరిను ఉండును. దానిని హైపోతో పోగొట్టవలెను. ఆర్.ఓ. నీరు అన్నిటికన్న మేలు. 2004 నుండి కృష్ణాజలములు హైదరాబాదు నగరమునకు చేరుచున్నవి. వరదలో తీరమును పలుచన చేయు కృష్ణమ్మయే ఇచ్చట తొట్టిలోని ఉప్పును సరిదిద్దుటకు పనికివచ్చుట గమనింపదగినది.

ఉప్పుదనమును సాపేక్ష సాంద్రత కొలుచు హైడ్రోమీటరుతోగాని, రొయ్యల చెరువుల వద్ద వాడు రిఫ్రాక్టోమీటరుతోగాని వారమునకు ఒకసారి చూడవలెను. 25 డిగ్రీల వద్ద 1.024 నుండి 1.026 వరకు ఉండుట మంచిది.

తెచ్చుటయా, కొనుటయా?

అక్వేరియం దుకాణములలో సముద్రలవణ మిశ్రమము దొరకును. ఇది అంగడి ఉప్పు కాదు. పైన చెప్పిన లవణములన్నియు తగుపాళ్ళలో కలిపినది. దీనిని ఆర్.ఓ. నీటిలో కరిగించి వాడవచ్చును. దీని గుణము ఋతువును బట్టి మారదు, రోగభయము లేదు. కాని ఖర్చు ఎక్కువ. సముద్రపు నీటికి వెల లేదు. కాని మోతకు, శ్రమకు వెల కలదు. బాపట్లకో విశాఖకో ఎటులైనను రాకపోకలు ఉన్నవారికి సహజజలము లాభము. నీటికొరకే బండి కట్టించుకొని పోవువారికి మిశ్రమమే చౌక పడవచ్చును.

రెండును కలిపి వాడుటయు తప్పు కాదు. ప్రధాన లవణముల నిష్పత్తి ఒకటే గనుక, పలుచని నీరు దొరికినపుడు మిశ్రమముతో చిక్కబరచవచ్చును. లీటరుకు 30 గ్రాములున్న నీటిని 34కు తెచ్చుటకు 100 లీటర్లకు సుమారు 400 గ్రాముల మిశ్రమము కావలెను. దానిని పీపాలోనే కలిపి, ఒక దినము గాలి పట్టించి, కొలిచి చూచిన పిదప తొట్టిలో పోయవలెను.

వాడిన నీరు, చట్టము

తీసివేసిన ఒక క్యాను నీటిలో సుమారు 700 గ్రాముల లవణములు ఉండును. దానిని పెరటి చెట్లకు, పూలకుండీలకు, బావి పరిసరములలో పోయరాదు, మట్టి చౌడుబారును. పారు మురుగు కాలువలో ఎక్కువ నీటితో కలిపి వదలవలెను. చేపలను మాత్రము చెరువులోగాని వాగులోగాని వదలరాదు.

తీరమునకు పోయినవారు అందముగా ఉన్నదని పగడపు రాళ్ళను, సముద్రపు గుర్రములను తెచ్చుట చట్టవిరుద్ధము. గట్టి పగడములను, సముద్రపు గుర్రములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ క్రిందికి తెచ్చిరి. పిల్లలను పుట్టించు కేంద్రములలో పెరిగిన క్లౌన్ చేపలను కొనుట మేలు; కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు ఈ చేపల పెంపకమును మన దేశమున సాధించి యున్నారు. తొట్టిలో పుట్టి పెరిగిన చేప తొట్టిలో సులభముగా బ్రతుకును.

క్లుప్తముగా చెప్పవలెనన్న, మంచి తీరము, వేసవి నెల, శుభ్రమైన క్యాను, చీకటిలో విశ్రాంతి, తొందరపడని ఆరు వారములు, ఆవిరైన మేరకు మంచినీరు: ఈ ఆరింటిని పాటించినచో కడలికి దూరమున ఉన్న శాలిబండ ఇంటిలోను సముద్రపు చేప సుఖముగా బ్రతుకగలదు. ఉప్పును కొలుచుట నేర్చినవారు నీటిని గౌరవించుట నేర్తురు. ఆ నేర్పు తొట్టికి ఎంత అవసరమో పొలమునకు అంతకన్న ఎక్కువ అవసరము.